గుడి చూసొచ్చారు సరే, ఆ బడి కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్నామధ్య మీ ఆదివారం పుస్తకంలో కంబోడియా గుళ్ళ మీద వేసిన వ్యాసం చదివేను. ఫొటోలు చాలా బాగున్నాయి, అందులో అనుమానం లేదు. అంకోర్ వాట్ వెనకాల పొద్దు పొడవడం, తా ప్రోమ్ గోడల మీద చెట్ల వేళ్ళు పాకడం, బయోన్‌లో నవ్వే రాతి ముఖాలు, రాత్రిపూట బజార్లో ఏం కొనుక్కోవాలి, మన పప్పన్నం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ రాసేరు. కానీ నాలుగు పేజీలూ రెండుసార్లు తిరగేసినా 1975 అన్న అంకె ఒక్కచోట కూడా కనపళ్ళేదండి, ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టులు ఆ దేశాన్ని పట్టుకుని లక్షలమంది చావుకి కారణమైన పాలన మొదలైన ఏడాది అది. సముద్రాలు దాటిన మన సంస్కృతి అని పెద్దక్షరాలతో హెడ్డింగు పెట్టేరు, ఆ గుళ్ళు కట్టిన వాళ్ళ మనవలు ముని మనవలు ఏమైపోయేరో ఒక్క ముక్క లేదు. అందుకే రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ ఆ ఖ్మేర్ రూజ్ వాళ్ళు జైలు చేసిన బడి సంగతి మాత్రం ఉంచండి.

నేను కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైన మేస్టార్ని. కిందటేడు భాద్రపదంలో మా అక్కా బావగారూ, నేనూ మా ఆవిడా, అంబాజీపేట కొబ్బరి వ్యాపారస్తుల కుటుంబాలు ఇంకొన్ని కలిసి ప్యాకేజీ టూర్లో ఆ దేశం వెళ్ళేం. అప్పుడక్కడ వానాకాలం, టూరిస్టులు తక్కువ, అందుకని రేటూ తక్కువ, మా బావగారికి ఆ ఒక్క ముక్క చాలు. మా అక్క మాత్రం మహాలయ పక్షాల్లో ప్రయాణాలేంట్రా, అదీ దేశం దాటి, అని రాజమండ్రి ఎయిర్‌పోర్టు దాకా సణుగుతూనే ఉంది.

ముందు గుడి గురించే చెప్తానండి, ఎందుకంటే గుడి చూడొద్దని నేను అనట్లేదు. అంకోర్ వాట్ రెండో సూర్యవర్మ 12వ శతాబ్దంలో విష్ణువుకి కట్టించిన గుడి. పడమటి వాకిలి. చుట్టూ కందకం 190 మీటర్ల వెడల్పు, మా ఊరి పంట కాలవలాంటివి ఎన్ని పక్కపక్కన పెడితే అంతవుద్దో మీరే లెక్కేసుకోండి. వాకిట్లోనే ఎనిమిది చేతుల విష్ణుమూర్తి ఉంటాడు, ఆయన్ని అక్కడి జనం తా రీచ్ అంటారు, కాషాయం చుట్టి అగరొత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుంటారు. వాళ్ళు బౌద్ధులు, అయినా మొక్కు మొక్కే. మా వాళ్ళంతా గోవిందా గోవిందా అంటే వాళ్ళేం అనుకోలేదు, నవ్వి పక్కకి జరిగి చోటిచ్చేరు.

తూర్పు వసారాలో క్షీరసాగర మథనం చెక్కేరండి, 49 మీటర్ల పొడవు గోడ, ఒకే కథ. వాసుకిని ఒక పక్క 92 మంది రాక్షసులు, ఒక పక్క 88 మంది దేవతలు లాగుతున్నారు. రెండు వైపులా సమానంగా లేరేంటా అని లెక్కల మేస్టార్ని కాబట్టి నాకు అదే పట్టుకుంది, మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోవాల్సొచ్చింది. పక్కనే అంకోర్ థోమ్ అనే పాత కోట పట్నం దగ్గర మాత్రం ప్రతి వాకిలికీ 54 మంది, 54 మంది, కలిపితే 108, అక్కడ లెక్క సరిపోయింది. అమృతం పుట్టేదాకా ఆ గోడ మీద ఉంది, దాన్ని మోహిని పంచిపెట్టడం మా ర్యాలిలో ఉంది, ముందు నుంచి చూస్తే కేశవస్వామి వెనక నుంచి చూస్తే మోహిని, ఒకే రాయి. ఆత్రేయపురం పూతరేకులకని వెళ్ళే వాళ్ళు ఎంతమంది పక్కనే ఉన్న ఆ గుడికి వెళ్తారో నాకు తెలీదు గానీ, ఇక్కడ ర్యాలి చూడనివాళ్ళు అక్కడికెళ్ళి మన సంస్కృతి మన సంస్కృతి అని గుండెలు బాదుకోవడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంకో సంగతి. అంకోర్ వాట్ మన తెలుగు రాజు కట్టించేడని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది, మా గ్రూపులోనే పదిమంది నాకు పంపించేరు. కాదండి. ఆ దేశపు జనాన్నే ఖ్మేర్‌లంటారు, ఖ్మేర్ రాజులు, ఖ్మేర్ శిల్పులు, ఖ్మేర్ కూలీలు. కథలు మనవి, లిపి పల్లవుల నాటి లిపిలోంచి వచ్చింది, శాసనాల్లో సంస్కృతం ఉంది, నిజమే. చెమట మాత్రం వాళ్ళది. కులెన్ కొండల నుంచి రాళ్ళు కాలవల మీద తెచ్చుకున్నారు. ద్రాక్షారామం గోడల మీద ఎవరెవరు అఖండదీపానికి గొర్రెలిచ్చేరో చెక్కించుకున్నట్టే వాళ్ళూ గుడికి ఏమేం ఇచ్చేరో శాసనాల్లో రాసుకున్నారు, ఏడో జయవర్మ అయితే 102 ఆస్పత్రులు పెట్టేడని తా ప్రోమ్ శాసనంలోనే ఉంది. అలాంటి పోలికలు చూసి ఆనందపడొచ్చు, ఎవరొద్దన్నారు, సొంతం చేసేసుకోకూడదు.

నీళ్ళ గురించి చెప్పకపోతే గోదారి జిల్లా వాణ్ణి అనిపించుకోను. వాళ్ళకి టోన్లే సాప్ అని పెద్ద సరస్సుంది. వానాకాలంలో మెకాంగ్ నది పొంగితే ఆ సరస్సులోంచి వచ్చే నది వెనక్కి పారుతుందండి, నిజంగా వెనక్కి! సరస్సు అయిదారు రెట్లు పెరిగిపోద్ది. చెట్లు మునుగుతాయి, చేపలు ఆ చెట్లలోకెళ్ళి గుడ్లు పెడతాయి, కార్తీకంలో నీళ్ళు మళ్ళీ తిరిగి సముద్రం వైపు పారితే పడవ పందాలతో పండగ. మా లంకల్లో వరదంటే సామాన్లు అటక మీద పెట్టుకోవడం, వాళ్ళకి వరదంటే సంవత్సరం తిండి. ఇళ్ళు ఎత్తైన కర్రల మీద కట్టుకున్నారు. వెయ్యేళ్ళ కిందటి వెస్ట్ బారే అని చెరువుంది, దగ్గర దగ్గర 8 కిలోమీటర్ల పొడవు, ఇప్పటికీ నీళ్ళున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, దానికే మనం కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, ఆ చెరువెప్పటిదో చూడండి మరి. ఊళ్ళ నిండా తాటిచెట్లు, తాటిబెల్లం, కూరల్లో కొబ్బరిపాలు, మా బావగారైతే కొబ్బరి రేటు కనుక్కుని ఒక లెక్క కూడా రాసుకున్నారు.

అంకోర్ పక్కనున్న ఊరు సియెమ్ రీప్‌లో ఉండగా ఒక తెల్లారుజామున మా గైడు మా అక్కని, మమ్మల్ని దగ్గర్లో పగోడాకి తీసుకెళ్ళేడు. అక్కడ కూడా అది పెద్దల పక్షమేనండి! ప్చుమ్ బెన్ అంటారు, పదిహేను రోజులు, సరిగ్గా మన మహాలయ పక్షాల రోజులే. చీకటి ఉండగానే లేచి, నువ్వులు కలిపిన జిగురన్నం ముద్దలు చేసి పళ్ళెంలో పెట్టుకుని, చెప్పుల్లేకుండా గుడి చుట్టూ మూడుసార్లు తిరుగుతూ ఆ ముద్దలు చీకట్లోకి విసురుతారు, ఆకలితో తిరిగే పెద్దల కోసం. మా అక్కకి నోట మాట రాలేదు. పిండాలేరా ఇవి, అంది. గైడు వాళ్ళమ్మ కూడా వచ్చింది, ఆవిడ వాళ్ళ నాన్నకీ ఇద్దరన్నలకీ వేస్తోంది. ఏ తిథిన పోయేరు అని మా అక్క అడిగించింది. తెలీదంది. ఎక్కడ పోయేరో కూడా తెలీదు, 77లో కాలవ పనికని తీసుకెళ్ళేరు, అంతే. తిథి తెలీనివాళ్ళకి మనం మహాలయ అమావాస్య నాడు పెడతాం కదా, ఆ సంగతి మా అక్క చెప్తే గైడు వాళ్ళమ్మకి చెప్పేడు, ఆవిడ తలూపి మా అక్క చేతిలో రెండు ముద్దలు పెట్టింది. మా అక్క ఎవరికని వేసిందో నేను అడగలేదు.

ఆ మర్నాడే వాళ్ళ రాజధాని నామ్ పెన్‌కి బస్సు, 300 కిలోమీటర్ల పైమాటే. టూర్ కాయితంలో రాజుగారి కోట, వెండి పగోడా, మార్కెట్, అంతే ఉన్నాయి. నేను ముందు చెప్పిన బడి, ఇప్పుడు మ్యూజియం, తువోల్ స్లెంగ్ లేదేం బాబూ అంటే "మనవాళ్ళు ఇష్టపడరు మేస్టారూ, ఫ్యామిలీలు కదా, పుర్రెలూ అవీ ఎందుకని తీసేశాం" అన్నాడు టూర్ కుర్రాడు. బస్సులో కూడా అదే మాట. డబ్బులు పోసి శవాలు చూడ్డానికొచ్చామా, గుళ్ళు చూశాం చాలదా, అశుభం, పక్షాల్లో అసలే, ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యాలి, ఇలా. అప్పుడు మా అక్క లేచి, పక్షాలు కాబట్టే వెళ్ళాలి అంది. అంతమందిలో ఆ మాట ఆవిడనడం నాకూ ఆశ్చర్యమే. ఆఖరికి ఆరుగురం టుక్ టుక్‌లు మాట్లాడుకుని విడిగా వెళ్ళేం. మిగతావాళ్ళు మార్కెట్‌కి.

పాఠకుల్లో కుర్రాళ్ళకి తెలీకపోవచ్చు కాబట్టి రెండు ముక్కల్లో. 1969 నుంచి 73 దాకా అమెరికా ఆ దేశం మీద బాంబులు కురిపించింది, పక్కన వియత్నాం యుద్ధం, లోపల అంతర్యుద్ధం. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సైన్యం నామ్ పెన్‌లోకొచ్చింది, నాయకుడు పోల్ పాట్. సరిగ్గా వాళ్ళ సంవత్సరాది వెళ్ళిన మూడోనాడో నాలుగోనాడో. అమెరికా బాంబులేస్తుంది, రెండు మూడు రోజులు ఊరు ఖాళీ చెయ్యండి, మళ్ళీ వచ్చేద్దురుగాని అని చెప్పి మొత్తం పట్నాన్ని రోడ్డెక్కించేరు, ఆస్పత్రిలో మంచాల మీదున్న రోగుల్తో సహా. డబ్బు రద్దు. బ్యాంకు పేల్చేశారు. బళ్ళు మూసేశారు, పగోడాలు గోడౌన్లు చేశారు, భిక్షువుల కాషాయం విప్పించేరు, ఇంట్లో పొయ్యి వెలిగించుకోవడం కూడా నిషేధం. చదువుకున్నోళ్ళు శత్రువులు. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం వచ్చేదాకా ఇదే. మూడేళ్ళ ఎనిమిది నెలల ఇరవై రోజులు అని అక్కడ చిన్నపిల్లాణ్ణడిగినా చెప్తాడు. దగ్గర దగ్గర 80 లక్షల జనాభాలో 15 నుంచి 20 లక్షల మంది పోయేరు, సగం మందిని చంపేరు అనుకుంటే మిగతా సగం ఆకలి, జ్వరాలు, చాకిరీ.

ఆకలి అన్నాను కదా, అది రైతులకి చెప్పాలండి. 1976లో వాళ్ళ ప్లాను ఏంటంటే దేశమంతా హెక్టారుకి 3 టన్నుల ధాన్యం పండాలి. మన లెక్కలో ఎకరానికి 16 బస్తాలు, 75 కిలోల బస్తా. ఓస్ ఇంతేనా, దాళ్వాలో మేం 45, 50 బస్తాలు చూస్తాం అంటారు మన రైతులు. కానీ అప్పటికి ఆ దేశంలో పండేది హెక్టారుకి టన్ను చిల్లర! విత్తనం లేదు, ఎరువు లేదు, పశువుల్లేవు, వ్యవసాయం తెలీని పట్నం జనం చేత రాత్రీ పగలూ చేతుల్తో కాలవలు తవ్వించేరు. పండలేదని పైవాడికి చెప్తే ప్రాణం పోద్ది, అందుకని పండిందని రాసేవాళ్ళు, రాసినదాని ప్రకారం ధాన్యం తోలుకుపోయేవాళ్ళు, పండించినోడికి మిగిలేది గంజి. గంజి అంటే మనం వార్చేది కాదు, నీళ్ళలో నాలుగు మెతుకులు తేలేది. అన్నపూర్ణ అని మనం చెప్పుకునే లాంటి నేలేనండి అదీ, వరి తప్ప ఇంకోటి కనపడని నేల, ఆ నేల మీద జనం తిండి లేక చచ్చిపోయేరు. తప్పుడు లెక్కల వల్ల.

ఇప్పుడు గుడి వైభవం గురించి రాసేవాళ్ళకి నేను చెప్పదల్చుకున్న మాట ఇదీ. పోల్ పాట్ ప్రభుత్వం జెండా మీద ఏముందో తెలుసాండి? ఎర్ర గుడ్డ మీద పసుప్పచ్చ అంకోర్ వాట్. ఆ దేశంలో ఎన్ని ప్రభుత్వాలు మారినా జెండా మీద గుడి బొమ్మ మారలేదు, వీళ్ళు కూడా మార్చలేదు. అంకోర్ కట్టిన జాతి ఏదైనా చెయ్యగలదు అని 77లో పోల్ పాట్ ఉపన్యాసం. గుడిని చూపించి కాలవ తవ్వమన్నారు. గుళ్ళో పూజ చేసేవాణ్ణి తరిమేసి గుడి గొప్ప మాత్రం వాడుకున్నారు. కాబట్టి ఆ గుడి చూసి వెయ్యేళ్ళ వైభవం అని పొంగిపోయి అక్కడితో వచ్చేస్తే, చంపినోళ్ళు ఎంతవరకు చూపించాలనుకున్నారో అంతవరకే చూసొచ్చినట్టు. కఠినంగా ఉందేమో, నాకు అలాగే అనిపించింది మరి.

ఇంక బడి. తువోల్ స్లెంగ్ ఒకప్పుడు హైస్కూలండి. నాలుగు బిల్డింగులు, మూడంతస్తులు, ముందు వరండా, మధ్యలో ఆటస్థలం, కొబ్బరి చెట్లు. గేట్లోంచి లోపలికెళ్తే ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లోకో వెళ్ళినట్టే ఉంటుంది, ఇంటర్‌వెల్ బెల్లు కొడతారేమో అనిపిస్తుంది. దాన్ని ఎస్-21 అని పేరు మార్చి జైలు చేశారు. తరగతి గదుల మధ్యలో ఇటికలతో అడ్డగోడలు కట్టి మనిషి కాళ్ళు చాపుకోడానికి కూడా చాలని కొట్లు చేశారు. పైనుంచి దూకి చచ్చిపోకుండా వరండాలకి ముళ్ళతీగ అల్లేరు, ఇప్పటికీ ఉంది. పిల్లలు డ్రిల్లు చేసే కమ్మీలకి మనుషుల్ని తలకిందులుగా వేలాడదీసేవాళ్ళు. నల్లబల్లలు అలాగే ఉన్నాయి కొన్ని గదుల్లో. ముప్ఫై ఏళ్ళకి పైగా నల్లబల్ల ముందు నించున్న వాణ్ణి, నాకు ఆ గదుల్లో ఎక్కడ నించోవాలో తెలీలేదు.

అక్కడికొచ్చినవాళ్ళు పదిహేను వేలకి అటూ ఇటూ. ఒక్కొక్కరికీ నంబరిచ్చి ఫొటో తీసేరు, జీవిత చరిత్ర రాయించేరు, కొట్టి నేరం ఒప్పించి అది టైపు చేయించి ఫైలు కట్టేరు. ఆ ఫొటోలే ఇప్పుడు గదుల నిండా. ఆడవాళ్ళు, చంటిపిల్లనెత్తుకున్న తల్లి, పదేళ్ళ కుర్రాళ్ళు. అంకోర్ వాట్ దక్షిణపు వసారాలో యమధర్మరాజు, పక్కన చిత్రగుప్తుడు, కింద 32 నరకాలు చెక్కి ఉన్నాయి, రెండు రోజుల కిందటే చూసి ఫొటోలు తీసుకున్నాం, మా బావగారు సరదాగా ఎవరెవరు ఏ నరకానికెళ్తారో పంచేరు కూడా. ఈ బళ్ళో ఆయన నోరెత్తలేదు.

ఈ జైలుకి పెద్ద ఎవరంటే డుచ్ అనేవాడు, అంతకుముందు లెక్కల మేస్టారు. బోర్డు మీద అది చదివి నేను రెండోసారి చదివేను. మంచి మేస్టారట కూడా. ఫైళ్ళలో తప్పులు దిద్దినట్టు ఎర్ర సిరాతో మార్జిన్లో రాసేవాడు. చిన్నప్పట్నుంచీ లెక్కలొచ్చినోడికి బుద్ధి కూడా వస్తుందని పిల్లల తల్లిదండ్రులకి చెప్తూ బతికేం మేం. అన్నట్టు పోల్ పాట్ కూడా నామ్ పెన్‌లో కొన్నాళ్ళు పాఠాలు చెప్పినవాడే.

బతికి బయటపడి సాక్ష్యం చెప్పినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చుమ్ మేయ్ అనే మెకానిక్, టైపు మిషన్లు బాగుచెయ్యడం వచ్చు కాబట్టి ఉంచేరు. వాన్ నాథ్ అనే చిత్రకారుడు, నాయకుడి బొమ్మలు గీయించుకోడానికి ఉంచేరు, తర్వాత ఆయన ఆ జైల్లో చూసింది గీసేడు, ఆ బొమ్మలు అక్కడే పెట్టేరు. వీళ్ళిద్దరూ 2009లో కోర్టుకొచ్చి డుచ్ ఎదురుగా చెప్పేరు. ఐక్యరాజ్యసమితి సాయంతో పెట్టిన కోర్టది, 30 కోట్ల డాలర్లకి పైన ఖర్చు, శిక్షపడింది ముగ్గురికి. డుచ్‌కి 2012లో యావజ్జీవం ఖాయమైంది, 2020లో పోయేడు. పోల్ పాట్ 1998లో అడవిలోనే పోయేడు, కోర్టు మొహం చూడలేదు. ముగ్గురికోసం అంత డబ్బా అని మా బావగారు. నాకూ సమాధానం లేదు గానీ, ఆ సాక్ష్యాలన్నీ రికార్డయ్యాయి కదా, అదొకటి ఉంది.

ఆ జైలు వాళ్ళని తీసుకెళ్ళి చంపి పూడ్చిన చోటు, ఊరవతల చూంగ్ ఎక్, దాని గురించి ఎక్కువ రాయను. తోటలో గోతులు. 1988లో కట్టిన స్తూపంలో అద్దాల వెనక పుర్రెలు వరసగా. వానలు పడితే మట్టిలోంచి ఇప్పటికీ గుడ్డముక్కలు, ఎముకలు పైకొస్తాయి, మేం వెళ్ళింది వానల్లోనే. మా అక్క స్తూపం దగ్గర చామంతులు కొని పెట్టింది.

ఇంకో సంగతి కూడా మన పేపర్లలో రావాలి. వియత్నాం వాళ్ళు పెట్టిన ప్రభుత్వాన్ని చాలా దేశాలు ఒప్పుకోలేదు, ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఏళ్ళ తరబడి ఖ్మేర్ రూజ్ మనిషి దగ్గరే ఉంది. మన దేశం మాత్రం 1980లోనే గుర్తించింది. 1986 నుంచి 93 దాకా మన పురావస్తు శాఖవాళ్ళు అంకోర్ వాట్‌లో పనిచేశారు, అప్పటికింకా అడవుల్లో తుపాకులు పేలుతూనే ఉన్నాయి, దారుల్లో మందుపాతరలు. రాళ్ళని రసాయనాలతో కడిగేరని విమర్శలు కూడా పడ్డాయి, అది వేరే సంగతి. మన గొప్ప చెప్పుకోవాలనుంటే ఇది చెప్పుకోండి, ఇది నిజంగా మనం చేసిన పని. మందుపాతరలంటే గుర్తొచ్చింది, గుళ్ళ దారుల్లో కాళ్ళూ కళ్ళూ పోయినవాళ్ళు చెట్టు కింద కూర్చుని వాయిద్యాలు వాయిస్తుంటారు, బిచ్చం అడగరు, సీడీలమ్ముతారు. పాతరలు వాసన పట్టడానికి ఆఫ్రికా నుంచి పెద్ద ఎలకల్ని తెప్పించి ట్రైనింగిచ్చేరు, మగావా అనే ఎలక్కి 2020లో బంగారు పతకం కూడా ఇచ్చేరండి! ఎలకబుట్టలు పెట్టించి తోకకింత అని డబ్బులిచ్చే ఊళ్ళవాళ్ళం, మాకు నమ్మబుద్ధి కాలేదు.

మన పేపర్లలో ఈ మధ్య కంబోడియా అంటే ఒకటి గుళ్ళు, లేదంటే సైబర్ మోసాలు. డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి ఏజెంట్లు మన కుర్రాళ్ళని తీసుకెళ్ళి గదుల్లో పెట్టి మోసపు ఫోన్లు చేయిస్తున్నారని 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టేరు, కొందరు వెనక్కొచ్చేరు. ఆ వార్తలు వెయ్యాల్సిందే, ఇంకా ఎక్కువ వెయ్యాలి. దానివల్ల ఆ దేశమంతా దొంగలన్నట్టు మా ఊళ్ళో మాట్లాడుతుంటే మాత్రం బాధేస్తోంది. మా సామాను టుక్ టుక్‌లో మర్చిపోతే హోటలుకి తెచ్చిచ్చినోళ్ళు వాళ్ళు.

టూర్లు నడిపేవాళ్ళకి నా మనవి, ఆ బడిని కాయితంలోంచి తీసెయ్యకండి, ఇష్టం లేనివాళ్ళు బయట కూర్చుంటారు. 2025 జులైలో యునెస్కో వాళ్ళు తువోల్ స్లెంగ్‌నీ చూంగ్ ఎక్‌నీ కూడా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చేరు, అంకోర్ ఉన్న జాబితాలోనే, ఇంక అశుభం అనడానికి లేదు. అంకోర్ పాస్ ఒకరోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, మూడ్రోజులది తీసుకోండి, ఒక్కరోజులో పరిగెత్తితే కాళ్ళనొప్పులు తప్ప ఏం మిగలదు. భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు వేసుకోండి, పైమేడ ఎక్కనివ్వరు లేకపోతే. బళ్ళో సెల్ఫీలు వద్దు, ఆ బోర్డు కూడా పెట్టేరు, అయినా మనవాళ్ళే కాదు అందరూ తీస్తున్నారు. పదేళ్ళలోపు పిల్లల్ని తీసుకెళ్ళకండి, హైస్కూలు పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి. ఆ దేశంలో కూడా చాలాకాలం బళ్ళలో ఈ పాఠం సరిగా చెప్పలేదట, తల్లిదండ్రులు చెప్తే పిల్లలు నమ్మేవాళ్ళు కాదట. 2007లో గానీ దానికి విడిగా ఒక పాఠ్యపుస్తకం రాలేదు. కాయితాలు, ఫొటోలు, బతికున్నవాళ్ళ మాటలు 1990ల నుంచీ ఏరి దాచబట్టి ఆ పుస్తకమైనా వచ్చింది.

అది చూసొచ్చేక మీ పేపరుకి ఒక పని చెప్పాలనిపించిందండి. 1996 నవంబరు 6 తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. వెయ్యి మందికి పైగా పోయేరు, భైరవపాలెం బలుసుతిప్ప వైపు వేటకెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు, కోనసీమలో కొబ్బరి చెట్టు నిలబడ్డది లేదు. ఇది మనుషులు మనుషులకి చేసింది కాదు, దాంతో దీన్ని పోల్చట్లేదు నేను. కానీ ఆ తర్వాత పుట్టిన పిల్లలకి నేను పాఠాలు చెప్పేను, వాళ్ళకి ఏమీ తెలీదు, ఏదో పెద్ద గాలొచ్చిందట అంటారు. చూసినవాళ్ళు డెబ్భైలు దాటుతున్నారు. మీరు జిల్లా పేజీలో వారానికి ఒక్క కాలమ్ ఇస్తే చాలు, ఆ రాత్రి ఏం జరిగిందో చూసినవాళ్ళ నోట విని వాళ్ళ మాటల్లోనే వెయ్యండి. ఊళ్ళు తిరిగి రాసిపెట్టే పని నేను చేస్తాను, డబ్బులేం అక్కర్లేదు, స్కూటరుంది, రిటైరయ్యేను కాబట్టి టైమూ ఉంది. ముందు లంక గ్రామాల్తో మొదలుపెడదామనుకుంటున్నాను, మీ విలేకరి ఎవరైనా అమలాపురంలో కలిస్తే మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మేస్టారు,
కోనసీమ.